ఎడమ మూల చుక్క

జనవరి 28, బుధవారం

పొద్దున్న లేచేసరికి మా ప్రహరీ మీద కాకి. కాళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. పక్కింటి టీచర్ గారి గోడ మీద నుంచి మా గోడ మీదికి నడిచి వచ్చినట్టుంది — వెనకాల వరసగా గులాబీ అడుగులు. మాది పిస్తా రంగు. నిన్న సాయంత్రమే ఆరింది.

సినిమా వాళ్ళు వీధిలో నాలుగు ఇళ్ళకి రంగులు వేశారు. పాతకాలం కథ. బందరు కాలువలో పడవలు తిరిగే రోజులట. రేవు పక్కన లాడ్జి, లాడ్జిలో ఒక పడవ కండక్టరు. పడవలు ఆగిపోయాయని అతనికి ఎవరూ చెప్పరు. రోజూ మామిడిపండు రంగు యూనిఫాం వేసుకుని, గొడుగు పట్టుకుని డ్యూటీకి బయల్దేరతాడు. అంతే కథ.

అమ్మ — అంతేనా? పెళ్ళి లేదా?

పక్కింటి విశాలాక్షి టీచర్ గారు డైరెక్టర్‌ని గేటు దగ్గరే నిలబెట్టి అడిగారు. మా చిన్నప్పుడు ఈ వీధంతా వెల్లగోడలు, వాటి నిండా పిడకలు, గులాబీ రంగు మీరెక్కడ చూశారు అని. కుర్రాడే ఆయన. మెడలో కొలతల టేపు. టేపు సవరించుకుని, "అలా ఉండుంటే బాగుండేది కదండీ" అన్నారు.

అంత తేలిగ్గా టీచర్ గారు గేటు తియ్యడం చూడటం ఇదే మొదటిసారి. కాన్వెంటులో ఆరు నుంచి పది దాకా నాకు లెక్కలు చెప్పారు. సాయంత్రం రెండో కోటింగు కూడా వేయించుకున్నారు.

జనవరి 29, గురువారం

రెండో కరెంటు స్తంభం వచ్చింది.

అసలు స్తంభం మా ఇంటి వైపు ఉంది. డైరెక్టర్‌కి ఏ వస్తువైనా సరిగ్గా మధ్యలో ఉండాలి, లేదా రెండు పక్కలా ఉండాలి. అందుకని టీచర్ గారి వైపు చెక్కతో ఇంకోటి చేయించి నిలబెట్టారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. లైన్‌మన్ వచ్చి నిచ్చెన తీసుకెళ్ళి కొత్తదానికి ఆనించాడు. స్తంభం ఊగింది. నిచ్చెన దించేశాడు. వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. నాలాంటి మనిషి.

సాయంత్రం వరండాలో చదువుకుంటున్నాను. గేటు బయట అసిస్టెంటు ఒకతను ఫోనులో ఫోటోలు వెతుక్కుంటున్నాడు. టీచర్ గారి కిటికీ పొద్దున్న తెరిచి ఉందా, మూసి ఉందా అని తనలో తనే గొణుగుతున్నాడు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పాను. కుడి రెక్క తెరిచి ఉంది, గొడుగు ఎడమ పక్కన, గుమ్మం మీద పిల్లి. పిల్లి మాది కాదండీ అన్నాడు. అయినా ఉంది అన్నాను.

కాసేపటికి డైరెక్టరే వచ్చారు. కంటిన్యుటీ చూసే అమ్మాయి జ్వరం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోయిందట. మీరు చూస్తారా అన్నారు. నిన్నటి షాట్‌లో ఏది ఎక్కడ ఉందో ఇవాళా అక్కడే ఉండాలి. లేకపోతే చెప్పాలి. అదే పని.

'చెప్పాలి' అన్న మాట సరిగ్గా పట్టించుకోలేదు. ఒప్పుకున్నాను.

జనవరి 30, శుక్రవారం

కండక్టరు గొడుగు కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మారింది. చూశాను. నోరు కూడా తెరిచాను. వీధి నిండా మనుషులు, లైట్లు, గూడూరు నుంచి తెచ్చిన ఎడ్లబండి... మూసేసుకున్నాను.

మధ్యాహ్నం మానిటర్‌లో అందరికీ కనిపించింది. పొద్దుటి పనంతా మళ్ళీ మొదటి నుంచి.

డైరెక్టర్ కేకలు వెయ్యలేదు. పక్కకి పిలిచి, చూశారా అన్నారు. చూశాను. మరి? అన్నారు.

వచ్చే గురువారం దాకా ఇదే వీధిలో పని ఉందన్నారు. ఈలోపు షాట్ ఆపాల్సి వస్తే మీ గొంతు నాకు వినపడాలి, వినపడకపోతే ఇంకొకరిని పిలిపించుకుంటాను, ఏమీ అనుకోకండి అన్నారు. తిట్టినట్టు లేదు. అదే ఎక్కువ బాధ.

నాకు ఈ పని కావాలి. రాసి చూసుకుంటున్నాను. కావాలి. డిగ్రీ అయ్యాక ఇంతగా ఏదీ కావాలనిపించలేదు.

జనవరి 31, శనివారం

అద్దం ముందు నిలబడి "ఆగండి" అన్నాను. వంటింట్లోంచి అమ్మ — ఎవర్నే?

ఫిబ్రవరి 1, ఆదివారం

చర్చి. ఆరాధన అయ్యాక ఆంటీలందరూ చుట్టూ చేరారు. హీరో ఎలా ఉంటాడు, దగ్గర నుంచి చూశావా, తెల్లగా ఉంటాడా. ఎడమ జేబుకి గుండీ లేదు అని చెప్పాను. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

స్క్రిప్టు ఇచ్చారు, చదివాను. ఇందులో ఎవరూ ఏడవరు. కండక్టరు నాన్న పోతాడు — కొడుకు తలుపు సరిగ్గా మధ్యలో నిలబడి, నేరుగా మనవైపు చూస్తూ, 'ఇవాళ పడవ ఆలస్యం' అంటాడు. లాడ్జి యజమానురాలు అతనికి ఒక అరటిపండు ఇస్తుంది. అంతే. రిహార్సల్లో హీరోకి కన్నీళ్ళు వస్తే, అవి ప్రేక్షకులకి వదిలెయ్యండి అన్నారట డైరెక్టర్.

అందరూ గుమ్మాల్లో కదలకుండా నిలబడతారు, అనాల్సిన దానికన్నా తక్కువ అంటారు. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉన్నందుకు నాకు ప్రోగ్రెస్ కార్డులో 'కలివిడి లేదు' అని రాసేవారు. ఇక్కడ దాన్ని స్టైల్ అంటున్నారు.

ఫిబ్రవరి 2, సోమవారం

పెద్ద సీను మొదలైంది. టీచర్ గారి ఇల్లే లాడ్జి. కండక్టరు బయటికొస్తాడు, వీధికి అడ్డంగా బండి వెళ్తుంది, గొడుగు తెరుస్తాడు. పొద్దుటి ఎండ కాసేపే బాగుంటుందని రోజుకి కొంచెం కొంచెం, గురువారం దాకా తీస్తారు.

ఇల్లు సినిమాలో పడుతుందని టీచర్ గారు ఈరోజు గుమ్మంలో పెద్ద మెలికల ముగ్గు వేశారు. డైరెక్టర్ బల్లెక్కి చూసి చాలాసేపు దిగలేదు. ఇంత బాగా మధ్యలో ఉన్న వస్తువు ఈ ఊళ్ళో ఇంకోటి లేదు అన్నారు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆరింటికల్లా టీచర్ గారు నీళ్ళు చల్లి, ఊడ్చి, వేరే ముగ్గు వేసేశారు. తామరపూలు.

సీను నాశనం. లైటు అబ్బాయిలు గట్టు మీద కూర్చుని ఉప్మా తిన్నారు. డైరెక్టర్ టేపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నారు. అసిస్టెంటు వెళ్ళి అడిగితే టీచర్ గారు తలుపు తియ్యలేదు. అప్పుడు అందరూ నా వైపు చూశారు. మీ టీచరే కదండీ.

వెళ్ళాను. గేటు, మెట్లు, గుమ్మం. సోమవారం ముగ్గే మళ్ళీ వెయ్యాలట, టీచర్ గారూ. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టిందో, ఆవిడ ఈలోపు చిక్కుడుకాయలన్నీ ఒలిచేశారు.

"నిన్నటి అన్నం ఇవాళ ఇంటికొచ్చిన వాళ్ళకి పెడతామా?" అన్నారు.

మేము తింటాం, చద్దన్నం. చెప్పలేదు.

నిన్నటి ముగ్గు నిన్నటితో సరి, పాచి ముగ్గు గుమ్మంలో ఉంచే అలవాటు మాకు లేదు, కొత్తగా వేసినా నిన్నటిదే వెయ్యడానికి నా చెయ్యి రాదు అని చాలా చెప్పారు. నేను కదల్లేదు. పట్టుదల కాదు, ఎటు వెళ్ళాలో తెలియక. చివరికి ఆవిడే అన్నారు — నేను వెయ్యను. నీకంత అవసరమైతే నువ్వే వేసుకో.

నాకు ముగ్గు రాదు. మా ఇంట్లో క్రిస్మస్‌కి సున్నంతో నక్షత్రం వేస్తాం, అది కూడా నాన్న వేస్తారు.

ఫిబ్రవరి 4, బుధవారం

మంచు. వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు. సోమవారం ఫోటో ఫోనులో పెద్దది చేసుకుని, చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. ప్రేయర్ ఆంటీలు చూస్తే ఏమంటారు అని రాత్రంతా అన్న అమ్మ, శాలువా కప్పుకుని టార్చి పట్టుకుని వచ్చి నా నెత్తిన నిలబడింది.

వంకరపోతోంది బేబీ. ఆ మెలిక కింద నుంచి రావాలి. చెయ్యి కాదే, వేళ్ళు.

నీకెలా తెలుసు అన్నాను. చిన్నప్పుడు బంటుమిల్లిలో బడికి వెళ్తూ రోజూ చూసేదాన్నంది. వేశావా అంటే, మా గుమ్మంలో ఎవరు వెయ్యనిస్తారు అంది. టార్చి నాకిచ్చి ముగ్గుడబ్బా అందుకుని, ఒక మెలిక తను వేసింది. నాకన్నా బాగా వచ్చింది. అది చెరిపి నన్ను మళ్ళీ వెయ్యమంది.

అప్పుడు చూశాను. ఫోటోలో ఎడమ మూల ఒక చుక్క చుట్టూ గీత తిరగలేదు. పక్కనుంచి వెళ్ళిపోయింది. క్లాసు బయట నిలబెట్టిన పిల్లలా ఆ చుక్క ఒక్కటే బయట ఉండిపోయింది.

లెక్కల టీచర్ గారి ముగ్గులో తప్పు.

సోమవారం షాట్‌లో తప్పు ఉంది కాబట్టి ఇవాళా ఉండాలి. చుక్కని బయటే ఉంచాను.

టీచర్ గారు కాఫీ గ్లాసుతో బయటికొచ్చారు. చుట్టూ తిరిగారు. ఎడమ మూల దగ్గర ఆగి, "ఇది తప్పు" అన్నారు. మీరు వేసింది ఇలాగే ఉందండీ అని ఫోను చూపించాను. దూరంగా పెట్టుకుని చూశారు. దగ్గరికి తెచ్చుకుని చూశారు. ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. కాఫీ గ్లాసు గట్టు మీదే మర్చిపోయారు.

షాట్ బాగా వచ్చింది. నేను మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఇక రేపు ఒక్కరోజే.

ఫిబ్రవరి 5, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చీకటితోనే ముగ్గు వేశాను, చుక్క బయటే ఉంచి. స్నానానికి ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అందరూ సిద్ధం. బండి ఆ చివర, కండక్టరు తలుపు వెనకాల, ఎండ సరిగ్గా గులాబీ గోడ మీద. నా పని నేను చూసుకుంటున్నాను. గొడుగు కుడి చెయ్యి. కిటికీ కుడి రెక్క. జేబుకి గుండీ లేదు. ముగ్గు...

చుక్క లోపలుంది. చుట్టూ గీత, చక్కగా.

టీచర్ గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. చీర అంచు మీద తెల్లటి పొడి.

ఊరుకుంటే సాయంత్రం మానిటర్‌లో దొరుకుతుంది, రేపటికి ఇంకో అమ్మాయి వస్తుంది. చెబితే — నలభై ఏళ్ళు ఈ ఊరికి లెక్కలు చెప్పినావిడ గుమ్మంలో తప్పు చేశారని, ఊరందరి ముందూ, నేను చెప్పాలి.

కెమెరా రోలింగ్ అన్నారు.

"ఆగండి."

నా గొంతే. అద్దం ముందు అన్నట్టు లేదు, చాలా పెద్దగా ఉంది. ఎడ్లు కూడా ఆగాయి. ఏమైందండీ అన్నారు డైరెక్టర్. ముగ్గు మారింది అన్నాను. ఎవరు మార్చారు అని అసిస్టెంటు. అందరూ నన్ను చూశారు, తర్వాత ఒక్కొక్కరే గట్టు వైపు చూడటం మొదలుపెట్టారు.

"నేనేనండీ. మొదటి నుంచీ తప్పు వేస్తున్నాను. ఇవాళ మర్చిపోయి సరిగ్గా వేశాను" అన్నాను.

వెళ్ళి కూర్చున్నాను. తడిగుడ్డతో ఆ మెలిక తుడిచాను. చుక్కని మళ్ళీ బయట నిలబెట్టాను. టీచర్ గారి పాదాలు నా చేతికి అంత దూరంలో ఉన్నాయి. తల ఎత్తలేదు.

కెమెరామన్ నవ్వుతున్నాడు. ఇంత చిన్న చుక్క ఎవరు చూస్తారు సార్ అని. ఈవిడ చూశారు కదా అన్నారు డైరెక్టర్.

షాట్ ఓకే. అందరూ చప్పట్లు కొట్టారు, బండి తోలినతను కూడా. జనం తగ్గాక టీచర్ గారు గేటు మూస్తూ అన్నారు — "అందరి ముందూ నోరు తెరిచావు. తెరిచి అబద్ధమాడావు."

కోపమో కాదో తెలియలేదు. గేటు మామూలుగానే మూశారు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

చెక్క స్తంభం తీసుకెళ్ళిపోయారు. లైన్‌మన్ వచ్చి ఆ గుంత దగ్గర కాసేపు నిలబడ్డాడు.

టీచర్ గారు బయటికి రాలేదు.

ఫిబ్రవరి 7, శనివారం

డైరెక్టర్ ఇంటికొచ్చారు. కుర్చీ గోడకి మధ్యలోకి జరుపుకుని కూర్చున్నారు. సోమవారం నుంచి దివిసీమలో రేవు సీన్లు, ఆ తర్వాత గోదావరి. సినిమా అయ్యేదాకా కంటిన్యుటీ గారు మాతో రావాలి అన్నారు. కంటిన్యుటీ గారంటే నేను. వ్యాను పొద్దున్న ఆరింటికి. అది తప్పితే ఇంకో బండి లేదు.

అమ్మ అడిగినవి — రాత్రుళ్ళు ఎక్కడ పడుకుంటుంది, పక్కన ఆడపిల్లలు ఎవరుంటారు, ఆదివారం చర్చికి పంపిస్తారా, మీకు పెళ్ళైందా. చివరిదానికి ఆయన టేపు మెడలోంచి తీసి మళ్ళీ వేసుకున్నారు.

నాన్న పేపరు దించకుండా — మొన్న దాని కేక ఈ గదిలోకి వినపడింది. పంపించు.

బ్యాగు సర్దాను. నాలుగు పుస్తకాలు. అమ్మ రెండు తీసేసి స్వెట్టరు పెట్టింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ప్రహరీ మీద గిన్నె. చిక్కుడుకాయ కూర. గిన్నె వెనకాల టీచర్ గారు.

రేపు ఖాళీయేనా అన్నారు. గుడివాడ దాకా తోడు కావాలట. తమ్ముడి కొడుకు వస్తానని, ఇప్పుడు సెలవు దొరకలేదన్నాడట. "ఊళ్ళో అందరికన్నా నీ కళ్ళే బాగా పనిచేస్తాయని తేలింది కదా. నువ్వే రా."

నవ్వారు. గురువారం తర్వాత నవ్వడం ఇదే మొదటిసారి.

నేనేమీ అనలేదు. క్లాసులో కూడా, ఏమీ అనకపోతే అర్థమైందనే లెక్క వేసుకునేవారు. సరే అయితే, ఏడింటికి బస్టాండు, అల్లం మురబ్బా నేను తెస్తాను అన్నారు.

అమ్మ గోడ ఇవతల నుంచి అంతా విన్నది. చెప్పు, రేపు వ్యాను ఉందని వెళ్ళి చెప్పు, నేను చెప్పనా? వద్దన్నాను, నేనే చెబుతాను. గేటు దాకా వెళ్ళాను. గుమ్మంలో ఇవాళ్టి ముగ్గు — చిన్నది, నాలుగు గీతలు, చుక్కలే లేవు. అక్కడే నిలబడ్డాను. తిరిగొచ్చాను.

కూర బాగుంది. ఉప్పు లేదు.

బ్యాగు తలుపు పక్కనే ఉంది. అద్దం ముందు మళ్ళీ నిలబడ్డాను. ఈసారి ఏమనాలో తెలియదు.

టీచర్ గారి ఎడమ కంట్లో శుక్లమట, గిన్నె ఇస్తూ చెప్పారు. గుడివాడలో రేపు ఆపరేషన్.