ఇటుకల పండుగలో ఒక బండి

1928 మార్చి 19, సోమవారం. అరకు

అక్కకు మళ్లీ జ్వరం. మధ్యాహ్నం భోజనాలవుతుండగా వణుకు మొదలైంది. ఉన్న దుప్పట్లన్నీ కప్పాం, పైన గోనెపట్టా. అయినా ఆగదు. వీపు వెనక చేరి గట్టిగా పట్టుకున్నాను. పళ్లు టకటక కొట్టుకుంటూనే — "నీ చదువుకంటే నీ వేడే ఎక్కువ పనికొస్తోందే, రత్నం..."

పోయినసారి కూడా పురిటికి ఇక్కడికే వచ్చింది. ఇదే గది, ఇదే జ్వరం. ఆ బిడ్డ పుట్టాక ఏడవలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. నేనూ ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

కాంపౌండరు గారు వచ్చి చూశారు. నాన్నగారిని వసారాలోకి పిలిచి — "కొండజ్వరం, మాస్టారూ. క్వినైను ఇస్తాను గానీ దాన్నే నమ్ముకోవద్దు. నెలలు నిండేలోగా కిందికి దించేయండి. విజయనగరంలో ఆడవాళ్ల ఆసుపత్రి ఉంది, డాక్టరమ్మ ఉంది. అల్లుడుగారూ అక్కడే కదా..."

నేను తలుపు వెనక ఉన్నానని ఇద్దరికీ తెలుసు.

మార్చి 20, మంగళవారం

అమ్మ ఒప్పుకుంది! పురుడు పుట్టింట్లోనే పోయాలని నిన్నంతా పట్టు పట్టింది. ఇవాళ పప్పు రుబ్బుతూ రుబ్బుతూ ఆగి — "పుట్టిల్లంటే గోడలేటి? నేనెక్కడుంటే అదే దానికి పుట్టిల్లు." మళ్లీ రుబ్బుకుంటోంది. నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం పలక మీద దారి గీశారు. ఇక్కడినుంచి అనంతగిరి, అక్కడ బంగళాలో బస. తరువాత ఘాటీ. దిగితే కోట ఊరు. కోటనుంచి మోటారు బస్సు. నేను మోటారు ఎక్కలేదు ఇంతవరకూ. అక్క కోసం వెళుతూ మోటారు గురించి ఆలోచించడం తప్పే. ఆలోచించాను.

"ఉగాది పచ్చడి తిని మర్నాడు బయలుదేరదాం. పండుగ అయిపోతే బళ్లన్నీ ఖాళీ. శ్రీరామనవమి దాకా బడికి సెలవు." నన్ను ప్రయాణపు మంత్రిగా నియమించారు. మంత్రిగారి మొదటి పని — చింతపండు పులిహోరకు ఆకులు కోయడం.

నాన్నగారు చెప్పిన ఇవాళ్టి మాట: ప్రస్థానం. నోటినిండా ఉంది.

మార్చి 22, గురువారం. ఉగాది

విభవ నామ సంవత్సరం. అక్కకు ఇవాళ జ్వరం రాలేదు. పచ్చడిలో బెల్లం ముక్కలు ఏరుకుని తినేసి వేపపువ్వంతా నాకు వదిలింది. అమ్మ చూసి కూడా తిట్టలేదు.

"తెరిపి ఇచ్చింది" అంది అమ్మ. వాన తగ్గినా తెరిపే, జ్వరం తగ్గినా తెరిపే. ఇంత చిన్న మాటలో ఎంత ఆకాశం!

రేపు ప్రయాణం.

మార్చి 23, శుక్రవారం

బండి లేదు.

కిందినుంచి వచ్చే బళ్లవాళ్లు ఉగాదికి ఇళ్లకు దిగిపోయారు. ఇక లోయలో బళ్లున్నది ఇక్కడి కొండ ఊళ్లవాళ్లకే. గాసి బండి అడుగుదామని నాన్నగారూ నేనూ వాళ్ల ఊరు వెళ్లాం. బడికి పెంకులు తోలింది గాసే, మనవాడే. ఊరంతా ఆడవాళ్లు. ఒక్క మగవాడు లేడు. గాసి పెళ్లాం సుక్రి అరుగు మీద సామలు చెరుగుతోంది.

"మగోల్లంతా ఏటకెల్లిపోనారు, మాస్టరుబాబూ. ఇటుకల పండగ కాదేటి."

"ఎప్పుడొస్తారు?"

"ఏట పడితే వొత్తారు."

"పడకపోతే?"

"పడకపోతే ఏ మొకంతో వొత్తారు! ఉత్త సేతుల్తో వొచ్చినోడి నెత్తిన పొయ్యడానికి పేడనీల్లు కలిపి ఉంచినాం." పక్కింటి ఆడవాళ్లు కిసకిస.

మాకు ఉగాది ఒక్కరోజు. వీళ్ల వేట పండుగ చైత్రంతో మొదలవుతుంది, ఏ ఊళ్లో ఎప్పుడు అవుతుందో ఆ ఊరి దిసారి, అంటే వాళ్ల పూజారి, ముహూర్తం చూసి చెబుతాడు. ప్రతి ఏడూ ఆ పాటలు వింటూనే ఉన్నాం. దారికి అడ్డంగా కర్ర పెట్టి పజోరు, అంటే పండుగ సుంకం, ఇమ్మని ఆడవాళ్లు నాన్నగారిని ఆపుతారు, ఆయన అణానో రెండణాలో ఇచ్చి నవ్వుతూ ఇంటికి వస్తారు. అయినా ప్రయాణానికి పంచాంగం చూశాం గానీ దిసారిని అడగాలని తోచలేదు.

వస్తూ నాన్నగారు — "భూగోళం చెప్పే మాస్టారు సొంత ఊరి భూగోళంలో తప్పాడమ్మా." నవ్వాలని అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 24, శనివారం

మళ్లీ జ్వరం. డోలీలో దించుదామంటే మోసేవాళ్లూ వేటలోనే. అమ్మ పొయ్యి ముందు కూర్చుని పొగ వల్ల అన్నట్టు కళ్లు తుడుచుకుంటోంది. పొయ్యిలో నిప్పు లేదు.

అక్క నన్ను దగ్గరికి పిలిచి, మెల్లిగా — "పొద్దుటినుంచీ కదల్లేదే. అమ్మకు చెప్పకు."

చెప్పలేదు. తప్పో ఒప్పో తెలియదు.

మార్చి 25, ఆదివారం

సుక్రి అడ్డాకులు తెచ్చింది. అమ్మ పెరట్లో ఉంది. నేను ఆగలేకపోయాను, అంతా చెప్పేశాను. కదలిక లేదన్న మాట కూడా. సుక్రి ఆకులు అక్కడే పడేసి లోపలికి వెళ్లి, అక్క పొట్ట మీద చెయ్యివేసి కూర్చుంది. చాలాసేపు. నేను ఊపిరి బిగబట్టుకుని నిలుచున్నాను.

"ఇదిగో తన్నింది. ఉందిలే, గుంటా. పడుకుంది అంతే. నా మొగుడిలాగ బద్దకం."

అక్క ముఖం చూడాలి అప్పుడు!

వసారాలోకి వచ్చాక నాన్నగారితో గొంతు తగ్గించి — "గాసిగాడికి ఇన్నాల్లూ ఉడతైనా పడనేదంట. తేనెపట్టు కొట్టుకుని గెడ్డ ఒడ్డుకాడ దాక్కున్నాడు. ఊల్లోకి రానీను. ఊరి బయట మలుపుకాడికి ఎడ్లూ బండీ నానే తెత్తాను. ఆడు అడివిలోంచి అటే వొత్తాడు. ఊల్లో అడుగెట్టకపోతే నాను పేడనీల్లు పొయ్యక్కర్నేదు కదేటి?"

నాన్నగారు ఆమెకు చేతులు జోడించారు. "ఏటి మాస్టరుబాబూ ఇది!" అని పారిపోయింది.

మార్చి 27, మంగళవారం. అనంతగిరి దారిలో, బండి ఆపినప్పుడు

తెల్లవారుతుండగా మలుపు దగ్గరికి చేరాం. సుక్రి బండి నిలబెట్టుకుని ఉంది. పొదల్లోంచి గాసి. జుట్టునిండా ఆకులు, చేతిలో విల్లు, నడుముకు తేనె బుర్ర. సుక్రి అతని వైపు తిరగనే లేదు. పగ్గాలు నేల మీద పెట్టి కొండవైపు చూస్తూ నిలబడింది.

"సూడవేటే?" అన్నాడు గాసి.

"సూత్తే పొయ్యాల. సూడట్నేదు. బేగి తోలు."

గడ్డి పరిచి, పరుపు వేసి, అక్కను ఎక్కించాం. అమ్మ పక్కన. నేనూ నాన్నగారూ వెనక నడక.

మొదటి ఊరి దగ్గరే కర్ర అడ్డం. ఆడవాళ్లంతా ఒకరి నడుముకొకరు చేతులు చుట్టుకుని వరసగా నిలబడి పాట. నాన్నగారు చిల్లర చేతిలోకి తీసుకున్నారు. అంతలో ఒక ఆమె ముందుకు వచ్చి ఎడ్లు తోలే మనిషిని పరీక్షగా చూసింది.

"ఓలమ్మో! ఈడు గాసిగాడు కాదేటి? ఏట ఏదిరా?"

గాసి పగ్గాలు వదిలి, తేనె బుర్ర జాగ్రత్తగా పక్కన పెట్టి, కళ్లు మూసుకున్నాడు. పేడనీళ్ల కుండ వచ్చింది. నెత్తిమీద బోర్లించారు.

బండిలోంచి నవ్వు. అక్క! ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని — మధ్యలో గుటక పడే నవ్వు. ఆడవాళ్లు బండి గూటి తెర తీసి లోపలికి చూశారు. పాట ఆగిపోయింది.

పెద్దామె ఒకతె వచ్చి కర్ర తీసేసింది. నాన్నగారు డబ్బులు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. అక్కతో — "తిరిగొచ్చినప్పుడు బిడ్డను సూపించు. అదే మా పజోరు." తరువాత గట్టు ఎక్కి, నోటికి చేతులు అడ్డం పెట్టి, అవతలి కొండ వైపు పొడుగ్గా ఒక కూత. అవతలినుంచి ఎవరో అందుకున్నారు.

తరువాతి ఊళ్లో మేం చేరేసరికే కర్ర పక్కకు పెట్టి ఉంది. పేడ కుండ మాత్రం సిద్ధంగా ఉంది. ఆ తరువాతి ఊళ్లోనూ అంతే.

ఆ కూతలో ఏం చెప్పారని అడిగాను.

"రెండు మాటలు, అమ్మాయిగోరూ," అన్నాడు గాసి, చెవిలోంచి పేడ తీసుకుంటూ. "నిండుమనిసి వొత్తంది, కర్ర తియ్యండి అని. గాసిగాడు వొత్తన్నాడు, పేడ కలపండి అని."

మార్చి 28, బుధవారం. అనంతగిరి

శనివారంనుంచి రోజు విడిచి రోజు లెక్కన ఇవాళ జ్వరం రావాల్సిన రోజు. రాలేదు. నమ్మకూడదు అంటూనే అమ్మ పాట పాడుకుంటోంది.

గాసి గెడ్డ నీళ్లలో చాలాసేపు తోముకున్నాడు. అయినా ఎడ్లు అతని వైపు వాసన చూస్తున్నాయి.

మార్చి 29, గురువారం. కోట

ఘాటీ దిగాం!

బండి వెనక పెద్ద దుంగ కట్టారు, అది నేలను ఈడ్చుకుంటూ వస్తే బండి పరుగెత్తదు. ప్రతి మలుపులో రాళ్లు దొర్లి లోయలోకి. చాలాసేపటికి గానీ చప్పుడు వినబడదు. నాన్నగారు చక్రం పక్కనే నడిచారు, చక్రాన్ని ఆపగలిగినట్టు. గాసి ఎడ్లతో ఏదో వాళ్ల భాషలో మాట్లాడుతూనే ఉన్నాడు, తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు. అక్క కళ్లు మూసుకుని, ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి అమ్మ చేతిలో.

కింద మామిడి తోటలు. వేడిగాలి మొహానికి తగిలింది. నాన్నగారు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నారు. ఆయన చెప్పులు విప్పి రోడ్డు పక్క కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 30, శుక్రవారం. శ్రీరామనవమి. కోటనుంచి విజయనగరం

పందిళ్లు, పానకం. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. టాపు మీద కూడా మనుషులు. పొద్దుటి బస్సు పోయింది. తరువాతి దానికి నాన్నగారు డ్రైవరుతో మాట్లాడుతుంటే అమ్మ అడ్డం వచ్చి, "బాబూ, నిన్నూ ఒక అమ్మ కన్నదే కదా!" ముందు సీట్లో పెద్దమనుషులు ఇద్దరు లేచారు.

అక్కా అమ్మా ముందు, నాన్నగారూ నేనూ వెనక మూటల మధ్య. మోటారు గురించి చాలా రాద్దామనుకున్నాను. ఒక్కటే గుర్తుంది — గుంట వచ్చినప్పుడల్లా ముందునుంచి అక్క తల కనబడుతోందా అని చూడడం.

గాసి సంగతి మరిచాను. బస్సు కదిలేముందు నవ్వుకుంటూ వచ్చాడు. చేతిలో ప్రాణంతో ఉన్న కుందేలు, కాళ్లు కొబ్బరితాడుతో కట్టి ఉన్నాయి.

"ఏట పడింది, మాస్టరుబాబూ!"

"ఎక్కడ?"

"సంతలో. తేనె ఇచ్చి పట్టినాను."

నాన్నగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

ఏప్రిల్ 2, సోమవారం. విజయనగరం

డాక్టరమ్మ అక్క పొట్ట మీద గొట్టం పెట్టి విన్నారు. నన్నూ వినమన్నారు! బిడ్డ గుండె, గుర్రం పరుగెత్తినట్టు. బావ గుమ్మం బయట అటూ ఇటూ తిరుగుతున్నారు. వెళ్లి చెబితే, "ఏ గుర్రం? ఏం గుర్రం?" అంటారు.

జ్వరం లేదు. బిడ్డ బాగుంది. నెల నిండేదాకా ఊరు కదలవద్దన్నారు. కదలం.

నాన్నగారు ఇవాళ్టి మాట ఉపశమనం అన్నారు. చాలా అందమైన మాటే. కానీ అమ్మ మాటే నాకు ఎక్కువ ఇష్టం. తెరిపి.

ఏప్రిల్ 5, గురువారం

నాన్నగారు బడి కోసం కొండెక్కారు. బావ ఇంట్లో పుస్తకాలున్నాయి. అన్నీ చదివేస్తాను.

ఏప్రిల్ 11, బుధవారం

చదవడం, అక్కకు వినిపించడం. కఠినమైన మాట వచ్చినప్పుడల్లా అక్క నిద్రపోతుంది. బిడ్డకు మాత్రం సమాసాలు ఇష్టం, తన్నుతుంది.

ఏప్రిల్ 17, మంగళవారం

పసుపు బస్తాలతో అరకునుంచి వచ్చిన బండివాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సుక్రి కబురు పంపిందట. వాకిట్లో నిలబడి, అక్కకు వినబడేలా చెప్పాడు —

గాసి కుందేలు భుజాన వేసుకుని దర్జాగా ఊళ్లోకి వెళ్లాడట. ఆడవాళ్లు ఎదురొచ్చి పాట కూడా ఎత్తుకున్నారట. కుందేలు కాళ్లకు ఆ తాడు అలాగే ఉంది. సుక్రి తాడు పట్టుకుని చూసి, "మన అడివిలో కొబ్బరిసెట్టు ఎప్పుడు మొలిసిందిరా?" అందట.

"మళ్లీ పోశారేటి?" అమ్మ అడిగింది.

"పోసినారమ్మా. కుందేలు కూర మాత్రం అందరూ తిన్నారు."

అక్క నవ్వుతోంది. దిండు మీద చెయ్యి కొట్టుకుంటూ, కళ్లలో నీళ్లు వచ్చేలా. నేనూ, అమ్మా, బండివాడూ.

"ఇంకోటి కూడా సెప్పమంది," అన్నాడు. "పజోరు ఎప్పుడొత్తాదని దారిలో ఊల్లోల్లంతా అడుగుతన్నారంట."

అక్క నవ్వుతూనే నా కుడిచెయ్యి పట్టుకుంది. గట్టిగా. నవ్వు ఆగింది. చెయ్యి వదల్లేదు.

అమ్మ ఆసుపత్రికి జట్కా పిలవడానికి వీధిలోకి పరుగెత్తింది. నేను ఎడంచేత్తో రాస్తున్నాను.