కూర్చోలేని పెళ్లికూతురు

అక్కా,

నీ సంవత్సరీకానికి మా అత్త నన్ను పంపలేదు. అదే రోజు బోధన్ అంగడికి తీసుకుపోయింది, నా బిడ్డ ఆడుకునే బొమ్మల పెళ్లికి పెళ్లికూతురును కొందామని. మోకాళ్లు వంగే కొయ్యబొమ్మను నేను చేతికి తీసుకున్నాను. పీట మీద కూర్చోలేని పెళ్లికూతురు ఎందుకని చిన్నప్పుడు నువ్వు నాతో కొట్లాడేదానివి కదా.

"గా మొకం జూడు, కాలిన కట్టె లెక్కున్నది" అంటూ అత్త దాన్ని పక్కన పెట్టించి, తెల్లగా మెరిసే మట్టిబొమ్మను కొన్నది. అందమైనదే, కానీ దాని కాళ్లు కదలవు.

ఇంటికొచ్చాక అత్త మంచం మీద కూర్చుంది. ఆమె ముందు నేనెప్పుడూ నిలబడే ఉంటాను. బొమ్మను పీట మీద కూర్చోబెట్టలేక బిడ్డ నావైపు చూసింది.

"అమ్మా, ఇది గూడ నాయినమ్మకు భయపడ్తదా?"