ముందు బెంచీ

పాస్టరుగారికి వందనాలు.

ఈ ఉదయం చర్చి ఊడుస్తుంటే ముందు బెంచీలన్నిటి మీదా దుమ్ము కనిపించింది, మా నాన్నమ్మ కూర్చునే చోట తప్ప. మీరు తగ్గింపు, అణకువల గురించి ప్రసంగించినప్పటి నుంచి అందరికీ చివరి బెంచీయే కావాలి. నిన్న అక్కడ డాక్టరుగారి భార్య, టీచరమ్మ తోసుకున్నారు.

“మీరు ముందుకెళ్లండి టీచరుగారూ, మీకంటే పెద్ద పాపిని నేను.”

“చాల్లెండి! నా పాపాల ముందు మీవేపాటివి?”

ఇద్దరూ అలిగి, ఒకరిని మించి ఒకరు తగ్గి, చివరికి చెప్పుల పక్కన కూర్చున్నారు.

ఇప్పుడు సంఘపెద్దలు నాన్నమ్మను గర్విష్ఠి అంటున్నారు. వచ్చే ఆదివారం వెనక్కి రాకపోతే ఆమెకు ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరట. దయచేసి ఆమెను అక్కడే ఉండనివ్వండి.

నాన్నమ్మ ఎవరితోనూ చెప్పుకోదు కానీ, ఆమెకు చెవులు వినిపించవు. మీ పెదవుల కదలిక చూసే దేవుని వాక్యం తెలుసుకుంటుంది.