మామ ముందు ప్రార్థన

ఆర్మూరు, 14-3-2006

నన్ను కన్న బాపుకు, అవ్వకు ప్రభువు పేరిట వందనాలు. మేం బాగున్నాం, ఫికరు పడకండి.

బాపూ, నాకు బుద్ధి చెప్పించడానికి మా మామ నిన్ను పిలిపిస్తానంటున్నాడు. సంగతి ఇది. పాస్టరమ్మ కరుణశ్రీ అక్క ఏడాదిగా నా పక్కన కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతూ వాక్యం నేర్పింది, ఇళ్ల ప్రార్థనలకు వెంట తిప్పుకుంది. మొన్న శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడికను నన్నే నడిపించమంది. మామ సంఘ పెద్ద కదా, కుర్చీలోంచి లేచాడు.

"ఐదో తరగతి సదివిన కోడలు మామ ముందట నోరు తెరుస్తదా?" అన్నాడు.

అయినా అన్నాను: "మామా, నేను మీతోని మాట్లాడుతలేను, దేవునితోని మాట్లాడుతున్న. మీరు జర కండ్లు మూసుకోండ్రి."

ఆడవాళ్లంతా నవ్వారు. ఆమెన్ దాకా నేనే ప్రార్థన చేశాను. మామను క్షమాపణ మాత్రం అడగను. అది అడిగించడానికైతే నువ్వు రావద్దు.

అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? నానమ్మ పెద్దక్షరాల బైబిలును నందిపేట్ ఆటోలో వచ్చేవాళ్లతో పంపండి. పక్కింటి మంగవ్వకు దానిలో చదవడం నేర్పాలి. వచ్చే నెల ఒక కూడిక ఆమె చేత నడిపిస్తాను. దానికైతే రా బాపూ, మామ పక్కనే కుర్చీ వేస్తాను.

దేవుడు మీ ఇంటికి తోడుండు గాక.

మీ బిడ్డ,
సువార్త