బోణీ రేటు

ఏప్రిల్ 16, బుధవారం

ఉద్యోగంలో మొదటి రోజు. విజయనగరం మార్కెట్లో ప్రతి బుధవారం అవే కొట్లు, అవే పళ్ళు. రేటు అడగాలి, ట్యాబ్‌లో కొట్టాలి. దేశం మొత్తం ధరల లెక్కలో నా మామిడిపండూ ఒకటి. కాంట్రాక్టు జూన్ దాకా. రెన్యూవల్ నాకే వస్తుంది, ఇంత బాగా ఇంకెవరు చేస్తారు?

గరివిడిలో మొదటి ప్యాసింజర్ రైలెక్కి, దిగగానే పళ్ళమ్మే దేముడమ్మ తట్ట దగ్గరికి వెళ్ళాను. సువర్ణరేఖ మామిడి ఎంత అని అడిగి, చెప్పింది ట్యాబ్‌లో కొట్టి కదిలాను. అంతే. బోణీ అవకుండా రేటడిగి ఎలిపోతావేటి, నా బేరం ఏటైపోవాల అని బజారంతా వినేట్టు దులిపేసింది. న్యాయం ఆవిడదే. ట్రైనింగ్‌లో ఈ ముక్క చెప్పలేదు గానీ మా అమ్మ ఎప్పుడో చెప్పింది. వెనక్కొచ్చి కేజీ కొన్నాను. డబ్బు కళ్ళకద్దుకుంది.

ఏప్రిల్ 23

పోయిన బుధవారం నేను బోణీ చేశాక మధ్యాహ్నానికే తట్ట ఖాళీ అయిందట. నీ సెయ్యి మంచిది పాపా, వారం వారం నువ్వే బోణీ సెయ్యాల అంది దేముడమ్మ. ముప్పై రెండేళ్ళకి పాపనయ్యాను! సరేనన్నాను. నా చెయ్యి మంచిదని నాకు ముందే తెలుసు.

ఏప్రిల్ 30

మళ్ళీ నాదే బోణీ. కేజీ డెబ్బై. ఇంట్లో మామిడిపండు పేరెత్తితే కొట్టేలా ఉన్నారు.

మే 7, సాయంత్రం

సూపర్‌వైజర్ ధర్మేంద్ర గారి ఫోన్. మిగతా కొట్లన్నిటిలో సువర్ణరేఖ తొంభై అయితే దేముడమ్మ దగ్గర మాత్రం డెబ్బై ఏమిటి, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని రేట్లు కొడుతున్నావా యమునా అన్నారు. ఒళ్ళు మండింది. ఆవిడ చవగ్గా అమ్ముతుంది సార్, అందుకే తట్ట త్వరగా ఖాళీ అవుతుంది అన్నాను. రేటు తప్పని తేలితే రెన్యూవల్ సంగతి మర్చిపో అన్నారు.

తప్పా? నేనా?

మే 8, పదకొండున్నర

స్కూటీ మీద పోయే అమ్మాయిల్లా మొహానికి చున్నీ చుట్టుకుని నిమ్మకాయల బండి పక్కన నిలబడ్డాను. ఒక పెద్దాయన దేముడమ్మని రేటడిగాడు. తొంబై అంది. ఎనభై ఐదన్నాడు. పైసా తగ్గదంది. ఆయన మూడు కేజీలు పట్టుకుపోయాడు.

చున్నీ తీసి వెళ్ళి నిలదీశాను. పకపకా నవ్వింది. ఆ డెబ్బై నీకేనే, బోణీ రేటు. లోకమంతటికీ అదే ఇత్తే నేనేటి తింతాను అంది.

నేను బేరమాడలేదు కదా, ఆవిడ చెప్పిందే అసలు రేటనుకున్నాను. ఇన్ని వారాలూ దేశానికి నా బోణీ రేటు పంపాను. నవ్వొస్తోంది. భయం కూడా వేస్తోంది.

మే 9

ధర్మేంద్ర గారికి నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు. బుధవారం తనే వచ్చి చూస్తానన్నారు.

దేముడమ్మకీ చెప్పేశాను. ఇకమీదట పదకొండింటికి వస్తాను పిన్నీ, బోణీ చెయ్యను, అందరికీ చెప్పే రేటే నాకూ చెప్పు అని. మొహం మాడిపోయింది. సీజను మద్దిలో సెయ్యి తీసెత్తావా, ఈ నెల్లాళ్ళ పళ్ళే నాకు ఏడాది కూడు అంది. నాకూ ఇదే కూడు అన్నాను. గట్టిగానే అన్నాను.

మే 14

పదకొండింటికి వెళ్ళాం. దేముడమ్మ నా మొహం చూడలేదు. కేజీ తొంబై, తీసుకుంతే తీసుకో, నేకపోతే తప్పుకో, బేరం పోతాది అంది. ఊళ్ళో అందరికీ చెప్పినట్టే చెప్పింది. శభాష్ యమునా, రెన్యూవల్‌కి నీ పేరే రాస్తాను అన్నారు ధర్మేంద్ర గారు.

గెలిచాను. రావాల్సిన రేటు వచ్చింది.

తట్టలో సగానికి పైగా పళ్ళు అలాగే ఉన్నాయి. ఎండకి, జనం లేక. నా చేతిలో ఏ మహిమా లేదని నాకు తెలుసు. ఆవిడకి ఎలా చెప్పను? తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మే 18, ఆదివారం

డ్యూటీ లేదు. ట్యాబ్ ఇంట్లో పెట్టి మొదటి ప్యాసింజర్ ఎక్కాను. దేముడమ్మ ముందు నోటు చాపాను. కళ్ళకద్దుకుని, తూచి ఇచ్చింది.

రేటు నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.