మూడో గడి బిట్టు

నాన్నా,

అమ్మ తిరుగు బస్సెక్కేలోపు ఇది రాసి ఆమె చేతికివ్వాలి. మామయ్య పడవ రేవులో బోర్లించిన బకెట్ మీద కూర్చుని రాస్తున్నాను. కోపంలో ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చాను. మామయ్య ఫోను మొన్నే నీళ్ళపాలైంది. అయినా ఇది ఫోనులో చెప్పే మాట కాదు. ఎదురుగా చెప్పబోతే నువ్వు పానా బల్ల మీద విసిరికొట్టావు, నేను తలుపు విసిరికొట్టి వచ్చేశాను. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారని అమ్మ ఊరికే అనదు.

మామయ్య పడవ నడి ఏట్లో ఎందుకు ఆగిందో నీకు తెలియాలి. ఇంజిన్ నల్లగా పొగ కక్కి, దగ్గి దగ్గి ఆగిపోయిందట. పడవలో పసిబిడ్డతో ఒకామె కూడా ఉంది. ప్రవాహం వంతెన స్తంభాల వైపు లాక్కెళితే మామయ్య గెడ వేసి ఎలాగో ఒడ్డు చేర్చాడు. నిన్ను ఒక్క మాట అనలేదు. "బావ చెయ్యి పడ్డ ఇంజిను ఆగిపోడమేంటే?" అని నన్నే అడిగాడు. 

కార్బురేటర్ విప్పాను. ప్లగ్గంతా మసి. పెట్రోలు దూరే ఇత్తడి జెట్టు తీసి వెలుతురుకి పట్టాను. మురికి లేదు, కానీ రంధ్రం ఉండాల్సిన దానికంటే పెద్దది. మామయ్య పాత సామాన్ల డబ్బాలోంచి అదే రకం జెట్టు ఇంకొకటి తెచ్చుకున్నాను. రెండూ పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా తెలిసింది. పెట్రోలు దారి వెడల్పయిపోయి ఇంజిన్ ఉక్కిరిబిక్కిరైంది. రంధ్రంలో పెట్టి తిప్పే సన్నటి డ్రిల్ బిట్టు మురికిని తియ్యాలి కానీ ఇత్తడిని తినకూడదని నేర్పింది నువ్వే కదా. కిందటి వారం ఈ జెట్టు శుభ్రం చేసిందీ నువ్వే. ఒళ్ళు మండి ఆ పాడైన జెట్టుని ఏట్లోకి విసిరేశాను.

నాన్నా, నీ చూపు తగ్గింది. నాకు తెలుసు. స్క్రూ కింద పడితే కాలితో వెతుకుతున్నావు. ఎవరైనా చూస్తే చెప్పులు సర్దుకుంటున్నట్టు నటిస్తున్నావు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది. అందుకే బిట్ల పెట్టె ఎత్తుకొచ్చేశాను. ఇక నిన్ను జెట్లు ముట్టుకోనివ్వను. తిట్టుకో, మాట్లాడటం మానెయ్యి, నేను మాత్రం ఇవ్వను. డబ్బాలో దొరికిన ఆ రెండో జెట్టు లోపల పాత పెట్రోలు జిగురు గడ్డకట్టి ఉంది. చీకటి పడేలోపు దాన్ని నేనే శుభ్రం చేసి బిగిస్తాను. రేపు పొద్దున్నే జనాన్ని ఎక్కించకుండా, మామయ్యా నేనూ ఏరు దాటి చూస్తాం.

నీ పిడుగు


పిడుగూ,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. నువ్వు రాసింది అమ్మ చదివి వినిపించింది. జవాబు కూడా తనే రాస్తానంది కానీ వద్దన్నాను.

ముందు ఆ పెట్టె పక్కన పెట్టు. అందులోని ఏ బిట్టూ జెట్టులోకి దించకు. దించి ఉంటే ఆ జెట్టు బిగించకు. బిగించి ఉంటే పడవెక్కకు. నేనే బయల్దేరేవాణ్ణి కానీ, చీకటి పడ్డాక నాకు రోడ్డుకీ కాలవకీ తేడా తెలియడం లేదు. మొదటి బస్సుకి అమ్మ వస్తుంది.

పెట్టెలో గడుల కింద అంకెలుంటాయి. బిట్ల మీద ఏమీ ఉండదు. వెంట్రుకంత వాటి మీద ఏం రాస్తారు? నేను అంకెలు చూడను. ఈ రకం జెట్టుకి సరిపోయేది మూడోది కాబట్టి, వేలితో గడులు తడుముకుని మూడోదాంట్లోది తీస్తాను. మీ మామయ్య ఇంజిన్‌కీ అలాగే తీశాను. అమ్మ ఇప్పుడు చెప్పింది, దానికి ముందురోజే నువ్వు పెట్టె జిడ్డోడుతోందని బిట్లన్నీ కిరసనాయిల్లో కడిగి మళ్ళీ సర్దావట. కంటి అంచనాతో సర్ది ఉంటావు. మూడో గడిలో దానికంటే లావైన నాలుగోది పడి ఉంటుంది.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ రోజు బిట్టుని చేతిపిడికి బిగిస్తుంటేనే నా వేలు చెప్పింది, ఇది లావుగా ఉందని. జెట్టులోకి దిగేటప్పుడు ఇత్తడి గీసుకున్నట్టు కూడా అనిపించింది. ఇన్నేళ్ళలో నా వేలు నాకు అబద్ధం చెప్పలేదు. అయినా నమ్మలేదు. కళ్ళు పోతున్నవాడికి వేళ్ళు కూడా పోతున్నాయేమోనని భయమేసింది. ఆ భయంలో గడిని నమ్మాను.

కళ్ళ గురించి నువ్వు రాసింది నిజమే. జెట్టు వెలుతురుకి పట్టినా నాకేమీ కనిపించడం లేదు. నువ్వు చూస్తున్నావని ఊరికే పట్టేవాణ్ణి. పని మానేస్తాను, దానికి గొడవెందుకు? నువ్వు మాత్రం ఆ పడవెక్కకు తల్లీ.

నాన్న


నాన్నా,

ముందు ఇది విను, మామయ్యా నేనూ క్షేమం. అమ్మ బస్సు దిగేసరికి మేం నడి ఏట్లో ఉన్నాం.

ఇంజిన్ మళ్ళీ పొగ కక్కి ఆగిపోయింది. అదే నలుపు. ఆ జెట్టు మీద నీ చెయ్యి పడలేదు. మూడో గడిలోంచి బిట్టు తీసింది నేనే, తిప్పింది నేనే. వెలుతురుకి పడితే రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా కనిపించింది. అది చాలనుకున్నాను. పోల్చి చూడటానికి ఆ పాడైన జెట్టయినా ఉంటే కదా, నా కోపం దాన్ని ఏట్లో కలిపింది. స్తంభం మీదికి కొట్టుకుపోతుంటే మామయ్య గెడతో నెట్టాడు. గెడ విరిగింది. నేను తెడ్డు పట్టుకుని గట్టిగా ఏడ్చాను. "ఒడ్డుకెళ్ళాక ఏడుద్దువుగాని, ముందు తెడ్డెయ్యవే!" అని అరిచాడు. పడవ పక్క చీలింది. నా భుజం కమిలింది.

ఒడ్డున అమ్మ నన్ను కొట్టబోయి, పట్టుకుని, అప్పుడు నీ ఉత్తరం ఇచ్చింది. చదువుతుంటే సిగ్గేసింది. నా కళ్ళకి ఏ లోపమూ లేదు. అయినా ఆ బిట్టు లావని నాకు తెలియలేదు నాన్నా. ఇత్తడి గీసుకోవడమూ తెలియలేదు. చక్కగా దిగిందని సంబరపడ్డాను. నీకు తెలిసి కూడా నమ్మలేదు. నాకసలు తెలియనే లేదు. మన ఇద్దరిలో ఎవరు ప్రమాదమో నువ్వే చెప్పు.

మామయ్య కొత్త జెట్టు తెస్తానని వెళ్ళాడు. అది వచ్చి, చీలిక బాగయ్యేదాకా పడవ కదలదు. అమ్మ మధ్యాహ్నం బస్సుకి వచ్చి నిన్ను తీసుకొస్తుంది, వెలుతురుండగానే వచ్చెయ్యి. కళ్ళ డాక్టరు దగ్గరికి నేను తీసుకెళతాను, రానంటే వినను. కానీ పని మానేస్తానన్న మాట వెనక్కి తీసుకో. ఒక్కో బిట్టు నా వేళ్ళ మధ్య పెట్టి, నా వేళ్ళ మీద నీ వేళ్ళు పెట్టి, ఏది సన్నమో ఏది లావో నేర్పు. నాకది వచ్చేదాకా నీకు సెలవు లేదు.

నీ కూతురు