పళ్ల డాక్టరు, పద్నాలుగు మంది స్వరకర్తలు

మార్చి 1, ఆదివారం

ఉదయం 7.00. నిర్ణయం! పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని మహా స్వరకర్తలను వినేస్తాను. పాతవాళ్ల దగ్గర్నుంచి వరసగా, రోజుకొకరు. పద్నాలుగో తేదీకి పద్నాలుగు మంది!

కారణం కూడా రాసిపెట్టుకోవాలి. కిందటిసారి స్కూలు కచేరీలో మా అమ్మాయి వయొలిన్ వాయించింది. అయ్యాక వాళ్ల టీచరు దగ్గరికెళ్లి, "చాలా బాగుందండీ. ఈ బాణీ కట్టినాయన రాలేదా?" అన్నాను.

"ఆయన పోయి రెండొందల ఏళ్లు దాటిందండీ."

"అయ్యో! ఏమైంది పాపం?"

హాలు హాలంతా నవ్వింది. నిన్న అమ్మాయి తేల్చి చెప్పేసింది: "నాన్నా, పద్నాలుగున మళ్లీ కచేరీ. ఈసారి అమ్మొక్కతే వస్తుంది."

పదహారేళ్ల కూతురు తండ్రికి వేసిన శిక్ష! చూపిస్తా నా తడాఖా.

8.00. బాఖ్. ఇరవై మంది పిల్లలట! అంత సంగీతం ఎప్పుడు రాశాడో మహానుభావుడు. నాకున్నది ఒక్కతే. ఆ ఒక్కదాన్నే మెప్పించలేకపోతున్నాను.

మార్చి 2, సోమవారం

హాండెల్‌ని శ్రద్ధగా అరగంట విన్నాను. తీరా చూస్తే అది హేడన్. వేర్వేరు మనుషులట! పోనీలే, ఒక దెబ్బకు రెండు పిట్టలు. ఇద్దరికీ టిక్కు పెట్టేశా.

మార్చి 4, బుధవారం

నిన్న తీరిక లేదు. కానీ ఇవాళ అద్భుతమైన ఆలోచన! పని చేస్తూనే వినొచ్చు కదా! ఆస్పత్రిలో మొజార్ట్‌ని పెట్టాను. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాడు ఏ సంగీతాన్నీ వద్దనలేడు.

11.20. పేషెంటు "ఆ... ఆ..." అంటున్నాడు.

"చూశావా సిస్టర్, ఎలా లీనమైపోయాడో!"

"లీనం కాదు డాక్టరుగారూ. మత్తింకా ఎక్కలేదంటున్నారు."

మార్చి 5, గురువారం

బీథోవెన్. మెల్లగా, పిల్లిలా మొదలుపెట్టాడు. ఉన్నట్టుండి ఢామ్మన్నాడు! పేషెంటు ఉలిక్కిపడి నోరు మూసేశాడు. నా చూపుడువేలు లోపలే ఉంది.

కట్టు కడుతూ సిస్టర్ అంది: "రేపట్నుంచి వార్తలు పెట్టుకుందామండీ."

మార్చి 7, శనివారం

వేలు నొప్పి. సంగీతానికి విరామం.

మా ఆవిడ: "ఇన్నాళ్లూ వేలితో వింటున్నారా?"

గాయపడ్డవాడితో వాదించకూడదన్న ఇంగితం ఉండాలి మనిషికి.

మార్చి 9, సోమవారం

సాయంత్రం అమ్మాయి గదిలోంచి వయొలిన్. ధీమాగా లోపలికెళ్లి "మొజార్ట్!" అన్నాను.

"నాన్నా, తీగలు శ్రుతి చేసుకుంటున్నా."

మార్చి 11, బుధవారం

ఇంకా తొమ్మిదిమంది మిగిలారు. వినడం మన వల్ల కాదు, పేర్లయినా బట్టీ పడదామనుకున్నా. షూబర్ట్, షోపాన్, షుమాన్. ముగ్గురూ 'ష' దగ్గరే పుట్టాలా? ఇది కుట్ర.

వదిలేశాను. కచేరీకి వెళ్లను. పిల్ల పరువు పిల్లది.

రాయడం తేలికే. కానీ తను వాయిస్తుంటే చూడాలని ఉంది.

మార్చి 14, శనివారం

ఉదయం 10.00. అమ్మాయి చెంప పట్టుకుని వచ్చింది. కచేరీ కంగారులో పళ్లు నూరి నూరి ఫిల్లింగ్ ఊడగొట్టుకుంది. ఎడమ దవడ. వయొలిన్ ఆనేది సరిగ్గా అక్కడే! పరుగున వెళ్లి ఆస్పత్రి తెరిచాను.

"మత్తు వద్దు నాన్నా. వాయించేటప్పుడు నా దవడ నాకు తెలియాలి."

"నొప్పెడుతుంది తల్లీ."

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

మాట్లాడాను. హేడన్ సంగతి, వేలి సంగతి, 'ష' కుట్ర, సగంలో వదిలేసిన సంగతి, అన్నీ కక్కేశాను. తను నోరు తెరుచుకుని వింటోంది. కళ్ల వెంట నీళ్లు. నొప్పో, నవ్వో తెలియలేదు. నా చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

పుక్కిలించి లేచింది. "సాయంత్రం నువ్వూ రా. కానీ టీచరుతో మాట్లాడకు."

రాత్రి 8.00. కచేరీ అయింది. వాయించింది ఎవరి రచనో నాకు తెలియదు. నేను దవడే చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు నా తల్లి.

నేను మాటమీదే నిలబడ్డాను. టీచరే వెతుక్కుంటూ వచ్చింది. "ఎలా ఉందండీ?"

"గట్టిగా నిలబడింది" అన్నాను, ఫిల్లింగ్ ధ్యాసలోనే ఉండి.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అదేనండీ! ఆఖరిదాకా ఎక్కడా సడలలేదు. మీకు సంగీతం బాగా తెలుసే!"

వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు.

మార్చి 15, ఆదివారం

ఉదయం 7.00. నిర్ణయం! రోజుకొకరు తప్పు పద్ధతి. నెలకొకరు చాలు. పైగా ఈసారి అమ్మాయి పక్కన కూర్చుని అర్థం చెబుతానంది.

7.05. బాఖ్.

7.40. మెలకువ వచ్చింది. బాఖ్ ఇంకా నడుస్తూనే ఉన్నాడు. పక్కన అమ్మాయి గుర్రుపెట్టి నిద్రపోతోంది.

రేపు మళ్లీ మొదట్నుంచి.